సీపీయూ ఖాళీ, లోడ్ 143: రూట్ పోతే సర్వర్ ఏమవుతుంది

సోమవారం, పొద్దున

ముందు సెటప్ చెప్పాలి, లేకపోతే కింద రాసేది అర్థం కాదు. హనుమకొండలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్. ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్ అన్నీ తీస్తారు. ఆ స్కాన్లన్నీ ఒక చోట దాచి, డాక్టర్లు బ్రౌజర్‌లో తెరుచుకునేలా పెట్టడం నా ప్రాజెక్టు, ఎండాకాలం నుంచి నడుస్తోంది. సర్వర్ ఒక్కటే: ఉబుంటు 22.04, 8 కోర్లు, 32 జీబీ ర్యామ్. కొత్త స్కాన్లు సర్వర్‌లోని ఎస్‌ఎస్‌డీ మీద ఉంటాయి, రెండు వారాలు దాటినవాటిని రాత్రిపూట ఒక స్క్రిప్టు కాజీపేటలో ఉన్న పాత బిల్డింగుకు, అక్కడి స్టోరేజ్ బాక్సుకు పంపుతుంది. అన్నీ ఇక్కడే ఎందుకు పెట్టలేదంటే, సీటీలో ఒక్క స్లైసు 512 బై 512 పిక్సెళ్లు, పిక్సెల్‌కు రెండు బైట్లు, అంటే అర ఎంబీ. ఒక పేషెంటుకు 400 స్లైసులు తీస్తే 200 ఎంబీ అయిపోయింది. రోజూ ఎంతమంది వస్తారో లెక్కేసుకుంటే ఎస్‌ఎస్‌డీ ఎన్నాళ్లు ఆగుతుంది?

కాజీపేట బాక్సు ఎన్‌ఎఫ్‌ఎస్ (వేరే మెషీన్ డిస్కును నెట్‌వర్కు మీదుగా వాడుకునే పద్ధతి) ద్వారా ఇక్కడి సర్వర్లో మామూలు ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. డాక్టరుకు ఏది ఎక్కడుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

నెట్‌వర్కు ఇలా ఉంది. హనుమకొండ సెంటర్ మొత్తం 192.168.10.0/24, అంటే 192.168.10తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ (కింద 10.1, 10.2 అని పొట్టిగా రాస్తాను). సర్వర్ 192.168.10.20. ఇంటర్నెట్ రౌటర్ 192.168.10.1. దీంతోపాటు ఇంకో చిన్న రౌటర్, 192.168.10.2, దానికి వేరే ఫైబర్ కనెక్షన్, దాని మీదే కాజీపేటకు వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్ల నెట్‌వర్కులను కలిపే రహస్య దారి). టన్నెల్ అవతల 192.168.30.0/24, స్టోరేజ్ బాక్సు 192.168.30.15.

శుక్రవారం రాత్రి ఉరుములు మెరుపులతో వాన పడింది, పొద్దున చూస్తే ఇంటర్నెట్ రౌటర్ కాలిపోయింది. శనివారం బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు వచ్చి కొత్తది పెట్టి పోయారు. నెట్ వచ్చింది, బిల్లింగ్ నడిచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆదివారం సెలవు.

ఈ రోజు తొమ్మిదిన్నరకు కౌంటర్ నుంచి ఫోన్. "అన్నా, కొత్త స్కాన్లు తెరుచుకుంటున్నయ్ గానీ పాతవి క్లిక్ చేస్తే తిరుగుతనే ఉన్నది. డాక్టర్ సార్ పోయినేడు తీసిన సీటీతోని పోల్చి చూడాలంటుండు, పేషెంటు బయట కూసున్నడు." పది దాటేసరికి కొత్తవి కూడా తెరుచుకోవడం ఆగిపోయింది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయ్యాను. ఉబుంటు మామూలుగా డిస్కు ఎంత, మెమరీ ఎంత అని చూపించే చోట, లోడ్ 8.0 కంటే ఎక్కువ ఉంది కాబట్టి ఆ వివరాలు చూపించడం లేదు అని ఒక్క లైను పడింది. ఆ 8 అనేది కోర్ల సంఖ్య. అప్‌టైమ్ కొడితే లోడ్ ఏవరేజ్ 143, 141, 126 (ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పదిహేను నిమిషాల సగటులు). ఎనిమిది కోర్ల మెషీన్‌కి 143 అంటే కీబోర్డు కూడా కదలకూడదు. కానీ నేను కొట్టే ప్రతి అక్షరం టకటకా పడుతోంది. టాప్ తెరిస్తే సీపీయూ 96 శాతం ఖాళీ. ర్యామ్ సగం కూడా నిండలేదు. స్వాప్ సున్నా.

సెంటర్ ఓనర్ గారు వెనక నిలబడి చూస్తూ, "సర్వర్ సరిపోతలేదా? పెద్దది తీస్కుందామా? ఇవాళే ఆర్డర్ పెడ్త" అన్నారు. సార్, వద్దు, పది సర్వర్లు తెచ్చినా ఇదే అంకె కనిపిస్తుంది, కాసేపు ఆగండి అన్నాను. పైసలు పెట్టేవాళ్లకు 143 చూడగానే మెషీన్ చిన్నదైపోయింది అనిపించడం సహజం, అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

లైనక్స్‌లో లోడ్ అంటే సీపీయూ వాడకం కాదు. సీపీయూ మీద నడుస్తున్నవీ, నడవడానికి వంతు కోసం చూస్తున్నవీ లెక్కలోకి వస్తాయి, వాటితోపాటు డిస్కు నుంచో నెట్‌వర్కు ఫైల్‌సిస్టమ్ నుంచో జవాబు కోసం కదలకుండా ఆగిపోయినవీ వస్తాయి. ఈ చివరి రకాన్ని పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే కమాండు) డీ అనే అక్షరంతో చూపిస్తుంది. వీటిని కూడా లెక్కలో కలపడం 1993లో లైనక్స్ కెర్నల్‌కు వచ్చిన ఒక ప్యాచ్‌తో మొదలైంది, అప్పటి నుంచి అట్లాగే ఉంది. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ గేటు బయట బండ్లు కిలోమీటరు పొడుగునా ఆగి ఉన్నాయనుకోండి, లోపల కాంటాలు ఖాళీగా ఉన్నాయి, హమాలీలు కూర్చుని ఉన్నారు, గేటు దగ్గర చిట్టీ రాసే మనిషి రాలేదు, అంతే. బయటి వరస చూసి ఇంకో పది కాంటాలు కొంటే ఏం లాభం?

కాబట్టి చూడాల్సింది ఎవరు ఆగారు, దేని కోసం ఆగారు అని.

వీఎంస్టాట్ పెడితే ఆర్ కాలమ్‌లో ఒకటో రెండో, బీ కాలమ్‌లో వందకు పైన. ఆర్ అంటే నడిచేవి, బీ అంటే ఆగినవి. అక్కడికే సగం తేలిపోయింది. తర్వాత పీఎస్‌లో డీ ఉన్నవి ఏరితే ముప్పై చిల్లర ప్రాసెస్‌లే దొరికాయి. 143కు ముప్పై ఏంటి? లోడ్ లెక్క ప్రాసెస్‌లది కాదు, థ్రెడ్లది (ఒక ప్రాసెస్ లోపల విడివిడిగా నడిచే పనులు). మా వ్యూయర్ అప్లికేషన్ ఒక్క ప్రాసెసే, దాని లోపల థ్రెడ్లు బోలెడు. పీఎస్‌కు పెద్ద ఎల్ జోడిస్తే థ్రెడ్లు కూడా విడివిడిగా వస్తాయి, అప్పుడు లెక్క సరిపోయింది. డబ్ల్యూచాన్ కాలమ్ కూడా పెట్టించాను, అంటే కెర్నల్‌లో ఏ ఫంక్షన్ దగ్గర ఆగిందో చెప్పేది. దాదాపు అన్నిటి పక్కనా ఒకే పేరు: ఆర్‌పీసీ వెయిట్ బిట్ కిల్లబుల్. ఆర్‌పీసీ అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ అవతలి మెషీన్‌తో మాట్లాడే పద్ధతి. పంపిన ప్రశ్నకు జవాబు రాలేదు, అందరూ దాని కోసమే ఆగి ఉన్నారు.

డీమెసేజ్‌లో (కెర్నల్ రాసే లాగ్) కెర్నల్ శనివారం నుంచి చెప్తూనే ఉంది: ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ 192.168.30.15 స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను. మధ్యమధ్యలో ఫలానా టాస్కు 120 సెకన్లకు పైగా ఆగిపోయింది అనే హెచ్చరికలు.

ఒక జాగ్రత్త ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఇలాంటప్పుడు డీఎఫ్ (డిస్కులు ఎంత నిండాయో చూపే కమాండు) కొట్టకూడదు. డీఎఫ్ మౌంట్ అయిన (అంటే ఫోల్డర్‌లాగా తగిలించిన) ప్రతి ఫైల్‌సిస్టమ్‌నీ పలకరిస్తుంది, ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గరికి రాగానే అది కూడా వరసలో నిలబడిపోతుంది, లోడ్ ఇంకొకటి పెరుగుతుంది. ఏమేం మౌంట్ అయ్యాయో కావాలంటే ప్రాక్ కింద మౌంట్స్ ఫైలును క్యాట్ చేస్తే చాలు, అది ఎవరినీ అడగదు. మా సర్వర్లో సరిగ్గా ఇదే జరుగుతోంది: డిస్కు ఎంత నిండిందో చూసే చిన్న స్క్రిప్టు ఒకటి క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ఏర్పాటు) మధ్యమధ్యలో డీఎఫ్ నడుపుతుంది, ముందటిది ఇంకా ఆగే ఉందని దానికి తెలియదు. పాత స్కాన్ తెరుచుకోవట్లేదని డాక్టర్లు మళ్లీ మళ్లీ క్లిక్ చేసిన కొద్దీ వ్యూయర్ థ్రెడ్లు ఒక్కొక్కటే అక్కడ ఇరుక్కున్నాయి, చివరికి కొత్త స్కాన్ ఇవ్వడానికి కూడా థ్రెడ్ మిగల్లేదు. ఎస్‌ఎస్‌డీ మీద పదిలంగా ఉన్నవి కూడా ఆగిపోవడానికి కారణం ఇదే.

సోమవారం, మధ్యాహ్నం

కాజీపేట బిల్డింగు చూసుకునే తమ్ముడికి ఫోన్ చేశాను. "బాక్సు మంచిగనే ఉన్నదన్నా, లైట్లన్నీ పచ్చగ ఉన్నయ్, ఈడ కంప్యూటర్ల నుంచి ఫైళ్లు తెరుచుకుంటున్నయ్" అన్నాడు. చిన్న రౌటర్‌లోకి వెళ్లి చూస్తే వైర్‌గార్డ్ టన్నెల్ కూడా బతికే ఉంది, ఆఖరి హ్యాండ్‌షేక్ నిమిషం క్రితమే అయింది. అంటే అటు బాగుంది, దారీ బాగుంది, మన సర్వర్ మాత్రం అటు పోవట్లేదు.

సర్వర్ నుంచి 192.168.30.15ను పింగ్ చేస్తే నిశ్శబ్దం. ఐపీ రూట్ గెట్ 192.168.30.15 కొట్టాను. ఈ కమాండు నాకు చాలా ఇష్టం. రూటింగ్ టేబుల్ మొత్తం చదివి మనం ఊహించుకునే పని లేకుండా, ఈ ఒక్క అడ్రస్‌కు ప్యాకెట్ పంపితే కెర్నల్ ఏ దారిన పంపుతుందో సూటిగా చెప్తుంది. జవాబు: 192.168.10.1 ద్వారా. పోవాల్సింది 10.2 ద్వారా. ఐపీ రూట్ షో చూస్తే రెండే లైన్లు: డిఫాల్ట్ రూట్ 10.1కు, సొంత నెట్‌వర్కు 192.168.10.0/24. కాజీపేట ఊసే లేదు. ప్రత్యేకంగా దారి లేనిదంతా డిఫాల్ట్‌లో పడుతుంది, కాబట్టి మన స్కాన్ల కోసం పోయే ప్యాకెట్లు ఇంటర్నెట్ వైపు వెళ్తున్నాయి. ట్రేస్‌రూట్ అదే చూపించింది: మొదటి మెట్టు 10.1, రెండోది బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ లోపలి అడ్రస్, ఆ తర్వాత అన్నీ చుక్కలు. 192.168 అడ్రస్‌లు ఇంటి లోపల వాడుకోవడానికే కేటాయించినవి, ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు, అక్కడెక్కడో పడిపోతున్నాయి. పడిపోయినట్టు కబురు కూడా రావట్లేదు.

మరి శుక్రవారం దాకా ఎలా నడిచింది? సర్వర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. నా ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఎండాకాలంలో సెటప్ చేసిన రోజు దాచుకున్న ట్రేస్‌పాత్ ఫలితం ఉంది, తీసి చూశాను. అందులో మొదటి మెట్టు 10.1, రెండో మెట్టు 10.2, తర్వాత కాజీపేట. అదీ సంగతి. ఈ నెట్‌వర్కు మొదట వేసినవాళ్లు కాజీపేట రూట్‌ను ఇంటర్నెట్ రౌటర్‌లో రాసి పెట్టారు. సర్వర్ ప్యాకెట్‌ను 10.1కు ఇస్తే, అది తిప్పి అదే తీగ మీద 10.2కు పంపేది. ఆ రౌటర్ పిడుగుకు కాలిపోయింది, దాంతోపాటు రూట్ కూడా పోయింది. కొత్త రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వచ్చింది.

బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్ భోజనం కాగానే వచ్చాడు. మంచి కుర్రాడు, అడగ్గానే కొత్త రౌటర్‌లో స్టాటిక్ రూట్ వేశాడు: 192.168.30.0/24 కావాలంటే 10.2కు పో. సర్వర్ నుంచి పింగ్ కొడితే వెంటనే జవాబులు, పన్నెండు మిల్లీసెకన్లు. కౌంటర్‌లో వాళ్లు కూడా సంతోషపడ్డారు.

లోడ్ మాత్రం తగ్గలేదు. పది నిమిషాలైనా 143 కాస్తా 147 అయింది.

ఈ దశ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు, అందుకే నిదానంగా రాస్తాను. పింగ్ పోతుంది, ఎన్‌ఎఫ్‌ఎస్ పోదు. మొదట అవతల ఫైర్‌వాల్ మీద అనుమానం వస్తుంది, తమ్ముడిని అడిగితే అక్కడ ఏదీ మార్చలేదన్నాడు. టీసీపీడంప్ (వచ్చీపోయే ప్యాకెట్లను చూపేది) పెట్టాను, ఎన్‌ఎఫ్‌ఎస్ పోర్టు 2049, అడ్రస్ 192.168.30.15. స్క్రీన్ మీద కనిపించింది ఇదీ: సర్వర్ సిన్ (కనెక్షన్ అడిగే ప్యాకెట్) పంపింది. అవతలి నుంచి సిన్ యాక్ (సరే అనే జవాబు) వచ్చింది. సర్వర్ యాక్ (అందింది అనే కబురు) పంపింది, దాని వెంటనే మొదటి డేటా కూడా పంపింది. ఒక సెకను గడిచింది. అవతలి నుంచి మళ్లీ అదే సిన్ యాక్. సర్వర్ మళ్లీ యాక్. ఇంకో రెండు సెకన్లకు మళ్లీ సిన్ యాక్. అంటే మన యాక్ అవతలికి చేరట్లేదు. సిన్ చేరింది, యాక్ చేరలేదు, రెండూ ఒకే దారిన పోతున్నాయి కదా?

ఇంకో మాట కూడా టీసీపీడంప్‌లోనే దొరికింది, ఇంగ్లిషు ఈ అక్షరాన్ని ఆప్షన్‌గా ఇచ్చి మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో నెట్‌వర్కు కార్డు గుర్తు) చూపించమంటే. మనం పంపేవి 10.1 మ్యాక్‌కు పోతున్నాయి. వచ్చేవి 10.2 మ్యాక్ నుంచి వస్తున్నాయి. పోయే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి. చిన్న రౌటర్‌కు సర్వర్ సొంత నెట్‌వర్కులోనే కనిపిస్తోంది కాబట్టి జవాబును నేరుగా ఇచ్చేస్తుంది, 10.1 ముఖం చూడదు. ఇప్పుడు 10.1 వైపు నుంచి ఆలోచించండి. దానిలో ఫైర్‌వాల్ ఉంది, ప్రతి కనెక్షన్‌నూ గుర్తు పెట్టుకుంటుంది. సిన్ పోవడం చూసింది. సిన్ యాక్ దాని కంట పడలేదు. సగం షేక్‌హ్యాండ్ కూడా కాకుండానే యాక్ వచ్చేసరికి ఇది చెల్లని ప్యాకెట్ అని పక్కన పడేసింది. పింగ్‌కు ఈ బాధ లేదు, ఒక్కో పింగ్ విడి ప్రశ్న, జవాబు ఏ దారిన వచ్చినా అది పట్టించుకోదు. అందుకే పింగ్ పనిచేసింది కదా అని నెట్‌వర్కు బాగుందని అనుకోవడానికి లేదు.

పాత రౌటర్‌లో ఈ తంటా ఎందుకు రాలేదంటే, లోపలి నుంచి లోపలికే పోయేవాటిని అది తనిఖీ చేసేది కాదు, అంతే. అట్లా నడిచింది. ఇలాంటి చోట్ల రౌటర్ "నన్ను అడగకు, నేరుగా 10.2కే పో" అని ఐసీఎంపీ రీడైరెక్ట్ అనే కబురు పంపవచ్చు, కానీ సర్వర్‌లో భద్రత కోసం రీడైరెక్ట్‌లు తీసుకోవద్దని సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగులు) పెట్టి ఉంది. అది అలాగే ఉండాలి. పేషెంట్ల డేటా ఉన్న మెషీన్ ఎవరు దారి చెప్పినా వినకూడదు.

టెక్నీషియన్ రౌటర్ ఫైర్‌వాల్‌ను మొత్తం ఆపేద్దామా అన్నాడు. వద్దన్నాను. జబ్బు రౌటర్‌ది కాదు. కాజీపేటతో పని సర్వర్‌కు ఉంది, ఆ దారి సర్వర్‌కే తెలిసి ఉండాలి.

ఐపీ రూట్ యాడ్ 192.168.30.0/24 వయా 192.168.10.2. ఒక్క లైను. ఐపీ రూట్ గెట్ మళ్లీ కొట్టి 10.2 చూపిస్తోందని చూసుకున్నాను. రెండు మూడు నిమిషాలకు డీమెసేజ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ 192.168.30.15 ఓకే అని పడింది. సర్వర్ రీస్టార్ట్ చేయలేదు, ఏ ప్రాసెస్‌నూ చంపలేదు, ఆగినవన్నీ ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే కదిలాయి. కాసేపు సీపీయూ నిజంగానే పనిచేసింది, శనివారం నుంచి పేరుకున్నవన్నీ ఒక్కసారిగా చదువుకుంది కాబట్టి. ఆ తర్వాత లోడ్ దిగడం మొదలైంది. మూడు అంకెలూ ఒకేసారి దిగవు, ఒక నిమిషం అంకె ముందు పడుతుంది, పదిహేను నిమిషాలది మెల్లగా. పని అంతా ఆగిపోయినా నిమిషం గడిచేసరికి మొదటి అంకె దాదాపు 37 శాతానికే వస్తుంది, లెక్క అట్లా కట్టారు. అందుకే సరిచేశాక పదిహేను నిమిషాల అంకె చూసి ఇంకా తగ్గలేదేంటని టెన్షన్ పడాల్సిన పని లేదు.

పొద్దున్నుంచి ఉన్న పేషెంటు సీటీ నాలుగింటికి పక్కపక్కన తెరుచుకుంది. డాక్టర్ సార్ పోయిన సంవత్సరానిది, ఇప్పటిది పోల్చి రిపోర్టు రాశారు. ముసలాయన, పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చాడు, ఆఖరి బస్సు దొరకదేమోనని కొడుకు మూడుసార్లు వచ్చి అడిగాడు.

మంగళవారం

కమాండుతో వేసిన రూట్ రీబూట్‌తో పోతుంది. వానాకాలం, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో తెలియదు, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది. కాబట్టి ఈ రోజు మొదటి పని దాన్ని నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్కు సెట్టింగులు ఉండే చోటు) రాయడం. ఉబుంటు పెట్టినప్పుడు వచ్చిన ఫైలును కదిలించలేదు, పక్కనే 60తో మొదలయ్యే పేరుతో వేరే ఫైలు పెట్టాను, నెట్‌ప్లాన్ పేర్ల వరసలో అన్నీ కలిపి చదువుకుంటుంది. అందులో ఆ నెట్‌వర్కు కార్డు కింద రూట్స్ అని, దాని కింద టు 192.168.30.0/24, వయా 192.168.10.2. ఖాళీల లెక్క తప్పితే నెట్‌ప్లాన్ ఒప్పుకోదు, ట్యాబ్‌లు అసలు వాడకూడదు.

అదే రూట్‌కు ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ట సైజు, బైట్లలో) 1420 కూడా రాశాను. వైర్‌గార్డ్ తన కవరు కోసం కొంత చోటు తీసుకుంటుంది, మామూలుగా 1500లో 1420 మిగులుతుంది. విడగొట్టొద్దు అనే ఆప్షన్‌తో 1392 బైట్ల పింగ్ పంపి చూశాను (28 బైట్లు హెడర్లకు), పోయింది. 1393 పోలేదు. లెక్క సరిపోయింది.

అప్లై నేరుగా చేయకుండా నెట్‌ప్లాన్ ట్రై వాడాను. 120 సెకన్లలో మనం ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగులకు అదే తిరిగిపోతుంది. దూరం నుంచి లాగిన్ అయి నెట్‌వర్కు మార్చేవాళ్లందరూ దీన్ని అలవాటు చేసుకోవాలి, హనుమకొండలో అయితే బండేసుకుని పోవచ్చు, మంచిర్యాలలో ఉన్న సర్వర్ అయితే ఏం చేస్తాం?

ఇంకొక రూట్ కూడా వేశాను, ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. 192.168.0.0/16 మొత్తానికి అన్‌రీచబుల్ అనే రకం రూట్. ఎక్కువ బిట్లు కలిసే రూట్‌కే కెర్నల్ మొగ్గు చూపుతుంది కాబట్టి 10.0/24, 30.0/24 తమ దారిన తాము పనిచేస్తాయి. వాటిలో ఏది మాయమైనా ఆ ప్యాకెట్లు డిఫాల్ట్ దారి పట్టుకుని ఇంటర్నెట్‌లోకి పోవు, ఇక్కడే దారి లేదు అని తక్షణం చెప్తుంది. తేడా ఎంతంటే, జవాబు రాని చోటికి లైనక్స్ మామూలు సెట్టింగులతో ఆరుసార్లు సిన్ మళ్లీ పంపి రెండు నిమిషాలకు పైగా చూస్తుంది, దారి లేదని తెలిస్తే అదే క్షణంలో తప్పు చూపిస్తుంది. నోరు విప్పి చెప్పే తప్పును సరిచేయడం తేలిక. హార్డ్‌గా (జవాబు వచ్చేదాకా ఆగేలా) మౌంట్ చేసిన ఎన్‌ఎఫ్‌ఎస్ అప్పటికీ పట్టు వదలదు, అది వేరే కథ, కింద రాస్తాను.

టెక్నీషియన్ కొత్త రౌటర్‌లో వేసిన రూట్‌ను తీయించేశాను. అది ఉంటే రేపు ఎవరైనా సర్వర్‌లో ఈ రెండు రూట్లూ తీసేసినా పింగ్ పోతూ ఉంటుంది, చూసేవాళ్లు మళ్లీ తికమక పడతారు.

బుధవారం

కాజీపేట తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. "అన్నా, మౌంట్‌ను సాఫ్ట్ అని పెడితే ఇట్ల ఆగదు కదా, టైమ్ అయినంక ఎర్రర్ ఇచ్చి వదిలేస్తది కదా?" నిజమే, వదిలేస్తుంది. కానీ రాసే పనిలో సాఫ్ట్ ప్రమాదం. రాత్రి స్క్రిప్టు 200 ఎంబీ స్కాన్‌ను పంపుతుంటే మధ్యలో లింకు పోయిందనుకోండి, సాఫ్ట్ మౌంట్ ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రర్‌ను ప్రోగ్రాం సరిగ్గా చూసుకోకపోతే అవతల సగం ఫైలు, ఇవతల అసలు ఫైలు డిలీట్. అది ఒక మనిషి స్కాన్, మళ్లీ తీయాలంటే ఆ మనిషికి మళ్లీ రేడియేషన్. అందుకే రాసే మౌంట్ హార్డ్‌గానే ఉంటుంది, ఎంతసేపైనా ఆగనీ.

వ్యూయర్‌కు మాత్రం వేరే మౌంట్ ఇచ్చాను: చదవడానికి మాత్రమే, సాఫ్ట్, టైమో (జవాబు కోసం ఆగే సమయం) 50, రీట్రాన్స్ (మళ్లీ అడిగే సార్లు) 2. టైమో సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో రాయాలి, కాబట్టి 50 అంటే ఐదు సెకన్లు. ఇప్పుడు కాజీపేట దొరక్కపోతే అర నిమిషం అటూ ఇటూగా థ్రెడ్ విడుదలవుతుంది, డాక్టరుకు "పాత స్కాన్ ఇప్పుడు అందుబాటులో లేదు" అని తెలుగులో, ఇంగ్లిషులో కనిపిస్తుంది, కొత్త స్కాన్లు యథావిధిగా తెరుచుకుంటాయి. వ్యూయర్‌లో పాత స్కాన్లకు వాడే థ్రెడ్లను కూడా విడిగా పెట్టాను, అవన్నీ ఇరుక్కున్నా మిగతావి వాటి పని అవి చేసుకుంటాయి.

క్రాన్ స్క్రిప్టులన్నిటికీ ముందు ఎఫ్‌లాక్ పెట్టాను, ముందటిది అవ్వకపోతే రెండోది మొదలే కాదు. డిస్కు చూసేదాన్ని డీఎఫ్ ఎల్‌కు మార్చాను, అది లోకల్ డిస్కులనే చూస్తుంది. రాత్రి స్క్రిప్టు ఇప్పుడు కాపీ చేశాక రెండు వైపులా షా 256 (ఫైలు వేలిముద్ర లాంటిది) సరిచూసుకుని, కలిస్తేనే ఇక్కడిది తీసేస్తుంది.

నిఘా కూడా మార్చాను. ఇంతకుముందు లోడ్ ఎక్కువైతే మెసేజ్ వచ్చేలా ఉండేది, శనివారం రాత్రి లోడ్ ఇంకా మూడే కాబట్టి ఏ మెసేజూ రాలేదు. ఇప్పుడు నిమిషానికోసారి మూడు చూస్తుంది. ఐపీ రూట్ గెట్ 192.168.30.15 జవాబులో 10.2 ఉందా. 2049 పోర్టుకు ఐదు సెకన్లలో కనెక్షన్ వస్తోందా (పింగ్ కాదు, ఎందుకో పైన రాశాను). డీ స్థితిలో ఉన్న థ్రెడ్లు పదికి మించాయా. ఏది తేడా వచ్చినా నాకూ, కాజీపేట తమ్ముడికీ ఫోన్‌కు మెసేజ్, ఏది తేడా వచ్చిందో పేరుతో సహా.

సెంటర్ మూసేశాక రాత్రి అందరికీ చెప్పి పరీక్ష పెట్టాం. కాజీపేట రూట్‌ను కావాలనే తీసేశాను. నిమిషం తిరక్కుండా మెసేజ్ వచ్చింది: రూట్ లేదు, 192.168.30.0/24. వ్యూయర్‌లో పాత స్కాన్ నొక్కితే కాసేపటికి అందుబాటులో లేదు అని చూపించింది, కొత్తది వెంటనే తెరుచుకుంది. లోడ్ నాలుగు దాటలేదు. రూట్ మళ్లీ వేశాక, సర్వర్‌ను పవర్ తీసి ఆన్ చేశాను, లేచేసరికి నాలుగు రూట్లూ ఉన్నాయి, మౌంట్లు రెండూ ఉన్నాయి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో మౌంట్ చేయాల్సినవాటి జాబితా) నోఫెయిల్, ఎక్స్ సిస్టమ్‌డీ ఆటోమౌంట్ పెట్టడం వల్ల కాజీపేట దొరక్కపోయినా బూట్ మధ్యలో ఆగదు, అది కూడా టన్నెల్ ఆపి చూసుకున్నాను.

గురువారం

నెట్‌వర్కు బొమ్మ ఒక్క పేజీలో గీసి, ప్రింట్ తీసి ర్యాక్ తలుపు లోపల అతికించాను. ఏ రౌటర్‌లో ఏ రూట్ ఉంది, ఎందుకు ఉంది, రౌటర్ మారిస్తే ఏం రాయాలి. రెండు రౌటర్ల సెట్టింగుల బ్యాకప్ కూడా తీసి ఓనర్ గారి దగ్గర ఒకటి పెట్టాను. ఆయన పెద్ద సర్వర్ సంగతి మళ్లీ ఎత్తలేదు, ఆ పైసలతో ఇంటర్నెట్ లైనుకు సర్జ్ ప్రొటెక్టర్, ఎర్తింగ్ సరిచేయిద్దామన్నారు. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తాడు.

ఇక నర్సంపేటలో శాంపిల్ కలెక్షన్ సెంటర్ ఒకటి తెరుస్తున్నారు, అక్కడ కూడా ఒక డిజిటల్ ఎక్స్‌రే పెడతారట. దాని నెట్‌వర్కు 192.168.40.0/24 అని ఇప్పుడే ఖాయం చేశాం. దీనికి రాయాల్సినవి మూడు చోట్ల: చిన్న రౌటర్‌లో నర్సంపేట పీర్ కింద అలౌడ్ ఐపీస్‌లో ఈ నెట్‌వర్కు (వైర్‌గార్డ్‌లో అది అనుమతి పట్టిక, రూట్ పట్టిక రెండూ, అందులో లేని అడ్రస్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ను పారేస్తుంది), సర్వర్ నెట్‌ప్లాన్‌లో 10.2 ద్వారా రూట్, నర్సంపేట రౌటర్‌లో 10.0/24కు తిరుగు దారి. మొదటి రెండూ ఈ రోజు రాసేశాను. నిఘా స్క్రిప్టులో 40 నెట్‌వర్కు లైను కూడా చేర్చి ప్రస్తుతానికి ఆపి ఉంచాను, అక్కడ ఫైబర్ ఇచ్చాక రౌటర్ పెట్టి, టీసీపీడంప్‌లో పోయే మ్యాక్, వచ్చే మ్యాక్ ఒకటేనని చూసుకున్న తర్వాత ఆన్ చేస్తాను.